జడ్జిగారి గొడుగు

జూన్ 3

పిన్నికి,

నేను బాగానే ఉన్నాను. గది కూడా బాగానే ఉంది. కిటికీ తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ప్రస్తుతం తెరిచి ఉంది. కింద బేకరీ. తెల్లారేసరికి రొట్టెల వాసన మెట్లెక్కి వచ్చి నన్ను లేపుతుంది. అలారం పెట్టుకోవడం మానేశాను.

ఫోన్ చెయ్యమన్నావు. నీకు తెలుసుగా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు నోరు పెగలదు. కాగితం మీదైతే ఎంతసేపైనా వాగుతాను. భరించు.

పిల్ల అక్కడ చేసే ఉద్యోగం ఏమిటని నాన్న నిన్ను అడుగుతూనే ఉంటారు కదా. ఇలా చెప్పు. నాటకాల హాల్లో, స్టేజీకి కుడిపక్క, తెర వెనకాల నాకొక ముక్కాలిపీట ఉంది. ఒళ్ళో నాటకం పుస్తకం, పక్కన చిన్న దీపం. నటులు మాట మరిచిపోతే నేను మొదటి పదం అందించాలి. జనానికి వినపడకూడదు, నటుడికి వినపడాలి. అంటే పుట్టినప్పటినుంచీ నేను మాట్లాడుతున్న తీరే. కాన్వెంటులో సిస్టర్ నన్ను నిలబెట్టి "గట్టిగా చెప్పు, పక్కనున్న గోడకి కూడా వినపడలేదు" అనేవారు. ఇప్పుడు గోడకి వినపడనందుకే జీతం ఇస్తున్నారని ఆవిడకి ఎవరైనా చెబితే బాగుండు.

ఈసారి వేస్తున్నది నూరేళ్ళనాటి నాటకం. అందులో చివరికి జరిగే ఒక పని ఎందుకు జరిగిందో ఏ తరానికీ అర్థం కాలేదట. ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడేశారట. మా దర్శకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "మొదటి ప్రదర్శన నాటికి ప్రతి ఒక్కరూ నాకు కారణం చెప్పాలి" అన్నారు. తర్వాత నా పీటవైపు తిరిగి "నువ్వు కూడా" అన్నారు. ఆ రోజే నన్ను ఉంచుకునేదీ పంపేసేదీ తేలుస్తారట. పంపేస్తే నాన్నకిచ్చిన మాట ప్రకారం ఇంటికొచ్చి, చదివిన స్కూల్లోనే టీచరుగా చేరాలి. గోడలకి వినపడేలా.

ఇక మా పెద్దాయన పెట్టిన ఒక నియమం ఏమిటంటే, సోమవారం రిహార్సల్సు మొదలైన క్షణం నుంచీ ఈ నాటకంలో వాళ్ళని నిజం మనుషుల్లాగే చూడాలి. 'పాత్ర' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. నటుల అసలు పేర్లు, వయసులు, ఉద్యోగాలు గుమ్మం బయట గొడుగులతోపాటు వదిలేసి రావాలి. నాటకంలో ఒక రిటైరైన జడ్జి ఉన్నాడు. ఆ వేషం వేసేవాడు ఇక జడ్జిగారే. హాల్లోనూ, వీధిలోనూ, ఉత్తరాల్లోనూ. అలా కలిసి బతికితే తప్ప వాళ్ళు మనకి అర్థం కారట. నాకు భలే నచ్చింది. కాబట్టి మామూలుగా రాయడం ఇదే ఆఖరు.

నీ నత్తగుల్ల

జూన్ 8

ఒసేయ్ నత్తగుల్లా,

నీ ఉత్తరం పశువుల పాకలో నిలబడి చదువుతుంటే రెండో కాగితం దూడ లాక్కుని నమిలేసింది. "మా పెద్దాయన పెట్టిన ఒక నియమం ఏమిటంటే" అన్నంతవరకూ వచ్చాను. ఆ తర్వాతది దూడకే తెలుసు. చాలా శ్రద్ధగా నమిలింది. నియమం అంటే ఏముంటుందిలే, టైముకి రావడం, టీ కప్పులు కడిగి పెట్టడం. అంత ముఖ్యమైతే మళ్ళీ రాయి.

ఇక్కడ నా వైద్యం మామూలే. నిన్న ఒక గుర్రం తన్నింది. నన్ను కాదు, సింహాన్ని. సింహం అంటే మా కాంపౌండరు. పిల్లిపిల్లని చూసినా బల్లెక్కుతాడని ఆ పేరు పెట్టాం.

మీ నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆడపిల్ల, ఊరుకాని ఊళ్ళో, ఒక్కత్తీ" అని మొదలెట్టాడు. "బావా, దానికి పూచీ నాది, ఏ చిన్న తేడా వచ్చినా నేనే వెళ్ళి చెవి పట్టుకుని తీసుకొస్తాను" అని మాటిచ్చాను. కనక తేడా రానీకు తల్లీ. నాకు బస్సు ప్రయాణం పడదు.

నాటకాల గురించి నన్నేం అడక్కు. నేను చూసిన ఒక్క నాటకంలో సగానికే నిద్రపోయాను. లేచేసరికి అందరూ చచ్చి పడున్నారు. రోగం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

పిన్ని

జూన్ 14

పిన్నికి,

దూడకి అరిగిందా? ఆ నియమం మళ్ళీ రాయడానికి వీల్లేదు. అదేమిటో చెప్పాలంటే అదే తప్పాల్సి వస్తుంది. నా ఉత్తరాలు చదువుతుంటే నీకే తెలిసిపోతుందిలే, నువ్వు నాకన్నా తెలివైనదానివి.

ఇవాళ జడ్జిగారి గురించి రాస్తాను. అరవై రెండేళ్ళు. రిటైరయ్యారు. ఇద్దరు భార్యలు పోయారు. తెల్లగడ్డం, ఎడమకాలు కుంటు. మంచినీళ్ళు అడిగినా తీర్పు చదివినట్టే ఉంటుంది. కూతురు గడియారాలు బాగుచేసే అబ్బాయిని పెళ్ళాడతానందని, ఆ అమ్మాయిని మేడమీద గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన కోటు జేబులోనే ఉంటుంది. ఆయన చెల్లెలు అదే ఇంట్లో ఉంటుంది. "అన్నయ్యా, మేడమీద గాలి ఆడదేమో" అని గోడకేసి చూసి చెబుతుంది తప్ప, మొహం చూసి ఒక్క మాట అనదు.

మొదట్లో ఆయన్ని చూస్తే నాకు వణుకొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. మొన్న నా కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారుతోందని గమనించి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి బిగించి, అద్దాలు ఊది, తుడిచి ఇచ్చారు. ఆయన ఒక్క మాటా అనలేదు. నేనూ అనలేదు. చాలా బాగుంది.

హాలు నుంచి బస్‌స్టాపు దాకా రోజూ నాతోనే నడుస్తారు, కుంటుకుంటూనే. అంత నిదానంగా నడిచే మనిషి నాకింతవరకూ దొరకలేదు.

పిన్నీ, ఒక సందేహం. ఇంట్లో అందరి మీదా నెగ్గి, తాళంచెవి జేబులో ఉన్న మనిషి, తనంతట తనే వెళ్ళి ఆ తాళం ఎందుకు తీస్తాడు? ఇన్ని రకాల జీవాల్ని చూశావు కదా, నీకేమనిపిస్తుంది?

నీ నత్తగుల్ల

జూన్ 18

నత్తగుల్లా,

ఉండు. నన్ను కూర్చోనీ.

జడ్జి అంటే మా సింహంలాగా ఏదో మారుపేరు అనుకున్నాను. నిజంగానే రిటైరైన జడ్జా? ముసలితనంలో నాటకాల పిచ్చి పట్టిందా? సరే, పట్టనీ. కన్నకూతుర్ని గదిలో పెట్టి తాళం వేశాడని టీ తాగాను అన్నంత తేలిగ్గా రాస్తావేమిటే! అది తెలిసి కూడా మీరంతా ఆయనతో నవ్వుతూ తిరుగుతున్నారా? పైగా జేబులో స్క్రూడ్రైవరు. తాళంచెవి ఒక జేబులో, స్క్రూడ్రైవరు ఇంకో జేబులో. అది జడ్జి జేబా, దొంగ జేబా?

ఆ ఇద్దరు భార్యలూ దేనితో పోయారో ఎవరైనా చూశారా? ఒకే పాకలో రెండు గేదెలు పోయాయని ఎవరైనా నా దగ్గరికొస్తే ముందు దాణా పరీక్షకి పంపిస్తాను.

ఎడమకాలు సంగతి చెప్పావు. అది కీళ్ళవాతం. గేదెలకి రాసే తైలం ఒక సీసా పంపుతున్నాను. మనుషులకీ పనిచేస్తుంది, గుర్రం తన్నినప్పటినుంచీ సింహం రాసుకుంటున్నాడు. ఇది వైద్యధర్మం, స్నేహం కాదు. ఆ మాట ఆయనకి స్పష్టంగా చెప్పు.

తాళం ఎందుకు తీస్తాడంటావా? మెట్లెక్కలేక. ఆ కాలుతో పూటపూటా మేడమీదికి భోజనం మొయ్యడమంటే మాటలా?

నీకూ ఆయనకీ ఈ నడకలేమిటి అని నేను అడగను. అడిగితే గుల్లలోకి దూరిపోతావు. కానీ ఆయన మీ నాన్నకంటే పెద్దవాడు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

పిన్ని

జూన్ 25

పిన్నికి,

తైలం అందింది. జడ్జిగారు సీసా మీద గేదె బొమ్మని చాలాసేపు చూసి, "మీ పిన్నిగారికి నా మీద ఇంత దయ ఉందనుకోలేదు" అన్నారు. వెంటనే రాసుకున్నారు కూడా. ఇప్పుడు హాలంతా పశువుల ఆసుపత్రిలా ఉంది. పెద్దాయన గుమ్మంలోనే ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, "ఇదీ! ముసలితనం వాసన! ఇన్నాళ్ళూ ఇదే తక్కువైంది!" అని కుర్చీ ఎక్కి దూకారు.

నీ 'మెట్లెక్కలేక' పెద్దాయనకి చెప్పాను. ఇంతవరకూ విన్నవాటిలో అదే నయమన్నారు. చెల్లెలుగారు "పశ్చాత్తాపం" అని చెప్పింది. గడియారాల అబ్బాయి "నా ప్రేమ గొప్పతనం" అన్నాడు. అందరం నవ్వితే అలిగి వెళ్ళి తెరతాడు దగ్గర కూర్చున్నాడు.

కానీ జడ్జిగారు నువ్వనుకున్నట్టు కాదు పిన్నీ. అందరూ ఆయన్ని రాక్షసుడంటారు. ఎవరూ అర్థం చేసుకోలేదు. రోజంతా పీట మీద కూర్చుని ఆయన్నే చూస్తున్నాను కదా, నాకు తెలుస్తోంది. ఆయన లోపల ఏదో ఉంది.

ఒక్క చిత్రమైన సంగతి. ఎంత పెద్ద ప్రసంగమైనా తడుముకోని మనిషికి రోజూ ఒక్కచోట మాట తట్టదు. తల తిప్పి నావైపు చూస్తారు. మిగతావాళ్ళకి మొదటి పదం అందిస్తే చాలు, అల్లుకుపోతారు. ఈయన మాత్రం మొత్తం చెప్పేదాకా చూపు తిప్పరు. నేను మెల్లగా "వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అంటాను. అప్పుడు ఆయన అదే అంటారు.

మొన్న నిజంగానే వాన పడింది. నేను గొడుగు బెంచీ మీద మరిచిపోయి బస్సెక్కేశాను. జడ్జిగారు గొడుగెత్తి పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తారు. తర్వాతి స్టాపు దాకా! కుంటడం మాత్రం మానలేదు. కుంటుతూనే పరిగెత్తారు. కిటికీలోంచి గొడుగు అందిస్తుంటే బస్సంతా చప్పట్లు.

ఇంకొకటి కనిపెట్టాను. ఎంత వెతికినా, "తలుపు తియ్యండి" అని ఆయన్ని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. చెల్లెలు గాలి ఆడదేమో అంటుంది. ఆ అబ్బాయి వీధిలో నిలబడి నిట్టూరుస్తాడు. కూతురు పౌరుషంతో నోరే విప్పదు. అందరూ చుట్టూ తిరుగుతారు. ఎవరూ అడగరు.

మొదటి ప్రదర్శన జూలై ఎనిమిది. నా కారణం ఇంకా దొరకలేదు.

నీ నత్తగుల్ల

జూన్ 29

ఇక చాలు.

ఎనిమిదో తారీకున నేనొస్తున్నాను. మొదటి వరసలో సీటు పెట్టించు. నాటకం చూడ్డానికి కాదు, ఆ మనిషిని దగ్గర్నుంచి చూడ్డానికి.

అరవై రెండేళ్ళవాడు, కీళ్ళవాతంతో, వానలో, బస్సు వెనకాల! ఆ వయసులో గుర్రం కూడా పరిగెత్తదు. పరిగెత్తితే నేను ముందు మతి చూస్తాను, తర్వాత గుండె చూస్తాను. పైగా మాట తట్టక నీవైపు చూస్తాడా? నువ్వు చెబితేగానీ నోరు రాదా? ఆ చూపుని మా వైద్యంలో ఏమంటారో నేను రాయను, నువ్వు కాన్వెంటు పిల్లవి.

'ఆయన లోపల ఏదో ఉంది' అంటావా? ఉంటే నేను బయటికి తీస్తాను. అది నా వృత్తి.

మీ నాన్నకి చెప్పలేదు. చెబితే ఆయనే పరిగెత్తుకొస్తాడు. ఆయనొస్తే గొడవ పడతాడు. నేనైతే మత్తుమందు సూది తెస్తాను. పెట్టె సర్దుకుని ఉండు. నాటకం అవగానే ఇద్దరం బస్సెక్కుతున్నాం. బావకిచ్చిన మాట నేను తప్పలేను.

పిన్ని

జూలై 3

పిన్నికి,

నువ్వొస్తున్నావని చదివి మంచం మీద ఎగిరాను. పెట్టె సర్దమన్న దగ్గర దిగాను.

సీటు పెట్టించాను. జడ్జిగారికి చెప్పాను. "సూది ఎంత పొడవుంటుంది?" అని అడిగారు.

నీకు ఇంకేదో రాద్దామని చాలా కాగితాలు చించాను. కింద బేకరీ అతను వాటిని పొయ్యి రాజేయడానికి పట్టుకెళ్ళాడు. పెట్టె సగం సర్దాను.

నీ నత్తగుల్ల

జూలై 10

నత్తగుల్లా,

క్షేమంగా చేరాను. సాయంత్రమే ఒక ఆవు ఈనింది. నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడకుండా వచ్చేశాను. అందుకని కూర్చుని మొత్తం రాస్తున్నాను. తెర వెనకాల ఉన్నదానివి, ముందు వరసలో ఏమైందో నీకు తెలీదు.

రబ్బరు బూట్లతో, మందుల సంచీతో వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్నాయన ఒక సీటు జరిగి కూర్చున్నాడు. తెర లేచింది. మీ జడ్జి కుంటుకుంటూ వచ్చాడు, నా తైలం వాసన ముందొచ్చింది. వీడేనన్నమాట అని పళ్ళు నూరాను. అంతలో ఒకావిడ గోడకేసి చూసి "అన్నయ్యా, మేడమీద గాలి ఆడదేమో" అంది. ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. తర్వాత గడియారాల కుర్రాడొచ్చాడు. తర్వాత తాళంచెవి. అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. ఓరి నీ! ఇదంతా నాటకమా! ఇన్నాళ్ళుగా నేను తిడుతున్నది నూరేళ్ళ కిందటి కాగితం మనిషినా! నాలో నేనే పగలబడి నవ్వాను. అది జడ్జి చెల్లెలు ఏడ్చే చోటు. పక్కనున్నాయన ఇంకో సీటు జరిగాడు.

నవ్వి ఊరుకున్నదాన్ని ఊరుకోవచ్చుగా. కాసేపటికి అది నాటకమన్న సంగతే మరిచిపోయాను. ఆఖరికి వాడు గది ముందు నిలబడ్డాడు చూడు, తాళంచెవి చేతిలో పెట్టుకుని, తియ్యడు, పోడు. చెల్లెలు నేల చూస్తుంది. కుర్రాడు ఆకాశం చూస్తాడు. ఎవరూ అడగరని నువ్వు రాసిందే నా కళ్ళ ముందు. ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడు లేచానో తెలీదు. "తలుపు తియ్యవయ్యా! అడుగుతున్నాగా!" అని అరిచాను. పాకలో అరిచే అరుపు.

వాడు నావైపు చూశాడు. 'అడగడానికి ఇంతసేపా' అన్నట్టుంది ఆ చూపు. తాళం తీశాడు. పిల్ల బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. వాడు మెల్లగా తెరవైపు తల తిప్పాడు. నీ దగ్గర్నుంచి చప్పుడు లేదు. నన్ను చూసి గుల్లలోకి దూరావని అక్కడున్నవాళ్ళలో నా ఒక్కదానికే తెలుసు. అప్పుడు వాడే, ఎవరూ అందించకుండా, "వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు. అన్నది కూతురితో. చూసింది తెరవైపు.

నేను ఏడవలేదు. తైలం ఘాటుకి కళ్ళు మండాయి.

నాటకం అయ్యాక తెర వెనక్కి వచ్చేసరికి మీ జడ్జి అద్దం ముందు గడ్డం ఊడదీస్తున్నాడు. గడ్డం కింద ఒక కుర్రాడు! వయసెంత బాబూ అని అడిగాను. ఇరవై ఎనిమిది అన్నాడు. పగలు కళ్ళజోళ్ళ షాపులో పనట. ఆ స్క్రూడ్రైవరు గుర్తొచ్చి నాకు మళ్ళీ నవ్వాగలేదు. "తైలం బాగా పనిచేసిందండీ, లేని నొప్పి కూడా తగ్గింది" అన్నాడు. ఆ నియమం ఏమిటని నిన్ను ఇంకొక్కసారి గట్టిగా అడిగుంటే నాకు బస్సు ప్రయాణం తప్పేది. అడగలేదు. అంతా ఊహించాను.

గుమ్మం దగ్గర నీ పెట్టె కనిపించింది. ఎత్తితే తేలిగ్గా ఉంది. పుస్తకాలు లేవు. పుస్తకాల్లేకుండా నువ్వు పక్కవీధికి కూడా వెళ్ళవు. అయినా నువ్వు నోరు విప్పలేదు, గోడకేసి చూస్తూ నిలబడ్డావు. అప్పుడు తట్టింది, ఈ నాటకంలో తాళంచెవి నా జేబులోనే ఉందని. పెట్టె కింద పెట్టి "ఉంటావా?" అన్నాను. తలూపావు. అంతేనా? ఇంతకీ దీనికేనా నేను సూది మోసుకొచ్చింది?

నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, "వాన పడేలా ఉంది పిన్నీ, గొడుగు తీసుకెళ్ళు" అన్నావు. ఎంత గట్టిగా అన్నావో తెలుసా? టిక్కెట్లు చింపేవాడు ఉలిక్కిపడ్డాడు. గొడుగు తిరిగి పంపను. నీకు గొడుగు పట్టుకు పరిగెత్తే మనిషి ఉన్నాడుగా.

మీ నాన్నతో మాట్లాడాను. "నీ కూతురు అక్కడే ఉంటానంది" అన్నాను. "అది నోరు విప్పి అందా?" అన్నాడు ఆశ్చర్యంగా. అందన్నాను. తలకాయ కూడా నోటి పక్కనే ఉంటుంది కదా.

ఇక ఒకటి మిగిలింది. ఆ మాట వాడికి మొదట్నుంచీ వచ్చు. మరి రోజూ ఎందుకు మరిచాడు? నాకు తెలుసు. అయినా ఊహించడం మానేశాను. నువ్వే అడుగు. గోడకి వినపడేలా.

పిన్ని

జూలై 15

పిన్నికి,

ఆవూ దూడా బాగున్నాయా? కాగితాలు దూరంగా పెట్టు. నియమం అయిపోయింది కనక ఇప్పుడు 'పాత్ర' అని హాయిగా రాయొచ్చు. పాత్ర, పాత్ర, పాత్ర.

నువ్వెళ్ళిన మర్నాడు పెద్దాయన నన్ను పిలిచి, "మాట అందించని ప్రాంప్టర్ని ఏం చెయ్యాలి?" అన్నారు. మా పిన్నిని చూసి నోరు పడిపోయిందండీ అని నిజమే చెప్పాను. "మరి కారణం?" అన్నారు. జడ్జిగారు నాటకమంతా ఎవరైనా అడుగుతారని ఆ గది చుట్టూనే తిరిగారు, అడగకుండా తియ్యడం ఆయనకి రాదు, అడగడం వాళ్ళకి రాదు, ఆఖరికి ఎదురుచూసీ చూసీ తనే తీశారు, క్షమించమనడం కూడా రాదు కనక గొడుగు తీసుకెళ్ళమన్నారు అని చెప్పాను. నేనింత పొడుగు మాట ఆయన దగ్గర ఎప్పుడూ మాట్లాడలేదు. పెద్దాయన పుస్తకం ఆఖరి పేజీ తీసి చాలాసేపు చూశారు. "రేపు టైముకి రా" అన్నారు. అంతే. నేను ఉంటున్నాను.

రెండో ప్రదర్శనలో ఆ చోటు రాగానే హాలంతా ఏదో జరుగుతుందన్నట్టు ఊపిరి బిగబట్టింది. ఏమీ జరగలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక, వెనక వరసలోంచి ఎవరో "తియ్యవయ్యా!" అని అరిచారు. తొంగి చూస్తే పెద్దాయన. రోజూ నిన్నే పిలిపించుకుంటే గొంతు మిగిలేదంటున్నారు.

నిన్న బస్‌స్టాపు దాకా నడిచాం. ఇప్పుడు ఆయన కుంటడం లేదు. అయినా అంతే నిదానంగా నడుస్తున్నారు. ఆగి, అడిగేశాను. "ఆ మాట వచ్చి ఉండీ రోజూ ఎందుకు మరిచిపోయేవారు?" ఎంత గట్టిగా వచ్చిందంటే బెంచీ మీద వాళ్ళందరూ తిరిగి చూశారు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "రోజు మొత్తంలో మీరు నావైపు చూసి మాట్లాడేది ఆ ఒక్క మాటే కదండీ" అన్నారు.

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

తర్వాతది ఎక్కానా అని అడుగు. చెబుతాను.

నీ నత్త
(గుల్ల ఇక్కడే ఎక్కడో పెట్టి మరిచిపోయాను)